ఒకే తోలు మీద ఇద్దరు

నేను ఒక దూడతోలుని. నన్ను చూసి కాగితమనుకునేవాళ్లే ఎక్కువ. అనుకోనివ్వండి, నాకేం పోయింది! కాగితం చిరుగుగుడ్డల్లోంచి పుడుతుంది. నేను నాలుగు కాళ్ల మీద తిరిగి, తల్లి పొదుగు కుమ్మి, ఎండలో గెంతులేసి వచ్చినదాన్ని. మీ ఇళ్లలో అమ్మలు పిల్లల్ని "తోలు తీస్తా" అని బెదిరిస్తుంటే నాకు నవ్వొస్తుంది. తీయడమంటే ఏమిటో ఆ అమ్మకూ తెలియదు, ఆ పిల్లకూ తెలియదు. నాకు తెలుసు.

నా తోలు తీసినవాడి పేరు జెన్నారో. ఇటలీలో నేపుల్స్ అనే రేవుపట్నంలో, నాలుగు వందల ఏళ్లకు దగ్గరపడుతున్న మాట ఇది. చంపినవాడు వేరే, జెన్నారోది ఒలిచే పని. కత్తి వీపు మీద బొటనవేలు ఆనించి, తోలుకూ మాంసానికీ మధ్య పొరను వెతుక్కుంటూ, నిద్రపోతున్న పసిపిల్లకు చొక్కా విప్పినంత మెల్లగా తీశాడు. మొహంలో కోపం లేదు, జాలీ లేదు. పని మీద ధ్యాస ఉంది, అంతే. ఆ తర్వాత సున్నపు నీళ్లలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, చట్రానికి బిగించి ఆరబెట్టాడు. ఆరాక వేలితో మీటి చూసి, సంతోషపడి, భోజనానికి వెళ్లాడు.

ఆ ఊళ్లో ఒక చిత్రకారుడు నన్ను కొన్నాడు. ఆ కాలపు చిత్రకారులకు ఒక పిచ్చి పట్టి ఉండేది. వేదసాక్షులని ఉంటారు, క్రీస్తును నమ్మినందుకు ప్రాణాలిచ్చి, ఆ తర్వాత పునీతులుగా మొక్కులందుకునేవాళ్లు. వాళ్ల చావులు గీయడమే వీళ్లకు పండగ. ఒక గుడివాళ్లు తమ పునీతుణ్ణి ఇనుప పెనం మీద కాలిస్తే, పక్కగుడివాళ్లు తమ పునీతురాలిని చక్రానికి కట్టించేవారు. గీసేవాళ్లు మాత్రం సామాన్యులా? చీకటినంతా ఒక పక్కకు నెట్టి, వెలుతురునంతా తెచ్చి చావబోయేవాడి రొమ్ము మీద పోసేవారు. చూసేవాడు ముందు "అయ్యో" అనేవాడు. తర్వాత ఇంకాస్త దగ్గరికి జరిగి "ఆహా" అనేవాడు. మనుషుల భక్తి ఆ రెంటి మధ్యే ఊగులాడుతూ ఉండేది.

తోళ్ల పనివాళ్ల సంఘం తమ గుడికి బర్తొలొమయి బొమ్మ కావాలంది. క్రీస్తు శిష్యుల్లో ఒకాయన. బతికుండగానే ఆయన తోలు ఒలిచి చంపారట. అందుకని తోలు పనివాళ్లకు ఆయనే రక్ష! ఇదెక్కడి న్యాయమో నాకు ఈనాటికీ బోధపడలేదు. ఏ కత్తికి బలైపోయాడో ఆ కత్తి పట్టినవాళ్లనే ఆయన కాపాడుతూ కూర్చోవాలట.

పునీతుడి కోసం ఒక ముసలి బిచ్చగాణ్ణి తెచ్చి, చేతులు పైకెత్తించి గుంజకు కట్టారు. చేతులు తిమ్మిరెక్కి వాడు నిజంగానే నోరు తెరిచి అరిచాడు. చంపేవాడి కోసం వీధిరౌడీ ఒకడు వచ్చి, పళ్లు కొరుకుతూ, కళ్లురుముతూ నిలబడ్డాడు. చిత్రకారుడు విసుక్కుని వాణ్ణి తరిమేసి జెన్నారోను పిలిపించాడు. "నువ్వు రోజూ చేసేదే చెయ్యి" అన్నాడు. జెన్నారో వంగి, ఎడమచేత్తో ముసలివాడి ముంజేయి పట్టుకుని, కుడిచేత్తో కత్తి ఆనించాడు. మొహంలో అదే ధ్యాస. గీస్తున్నవాడి చెయ్యి ఒక్క క్షణం ఆగిపోయింది. "రాక్షసుడి మొహం చూస్తే ఎవరూ భయపడరు. దీన్ని చూసి భయపడతారు" అని తనలో తాను గొణుక్కున్నాడు.

అలా నన్ను ఒలిచినవాడి బొమ్మ నా మీదే పడింది. ముసలాయన కళ్లు పైకి, వేదసాక్షి గెలుపుకు గుర్తైన ఖర్జూరపు మట్టతో దేవదూత ఎప్పుడు దిగివస్తాడా అన్నట్టు. జెన్నారో కళ్లు కిందికి, కత్తి మొన వైపు. నా మీద గీసిన సిరాలో ఇనుము కలుస్తుంది, తోలును కొరుక్కుంటూ లోపలికి దిగుతుంది. ఇద్దరూ నాలోకి దిగి స్థిరపడ్డారు.

గుడికి వెళ్లింది నన్ను చూసి గుడ్డ మీద వేసిన పెద్ద బొమ్మ. ఆ తర్వాత రెండు వందల ఏళ్లకు పైగా నా బతుకు గొప్పవాళ్ల పెట్టెల్లో గడిచింది. ఒక ప్రభువు భోజనాలయ్యాక అతిథులకు నన్ను చూపించి పండ్లు పంచేవాడు. ఒక దొరసాని ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రమే చూసేది, ఎందుకో చెప్పను. చివరికి గాస్పారో అనే క్రైస్తవ యువగురువుకు వాళ్ల మేనమామ సొత్తుగా వచ్చాను. బర్తొలొమయి ఇండియా దాకా వచ్చి బోధించాడని పాత పుస్తకాల్లో ఉందట. ఆ మాట పట్టుకుని గాస్పారో ఓడెక్కాడు, నన్నూ ఎక్కించాడు. దిగింది ఎక్కడనుకున్నారు? రాయలసీమలో, తంగేడుమిట్ట అనే తోళ్ల పనివాళ్ల వాడలో! తంగేడుచెక్క వాసన, సున్నం వాసన, లందల్లో నానుతున్న తోళ్ల వాసన. పుట్టింటికొచ్చినట్టే ఉంది, కాకపోతే ఆ పుట్టిల్లు ఎలాంటిదో మీకు తెలుసు కదా.

మొదటి వానకాలంలోనే గాస్పారోకు నా సంగతి తెలిసొచ్చింది. తోలుకు పూర్తిగా చావు లేదండీ. చెమ్మ తగిలితే పీల్చుకుని ఉబ్బుతుంది, దీపం వేడికి ముడుచుకుంటుంది. ఆయన మోకరించి జపం చేసుకుంటుంటే, ఎదురుగా గోడ మీద ముసలాయన పక్కటెముకలు లేచేవి, దిగేవి. మళ్లీ లేచేవి. చదువుకున్నవాడు గనక "చెమ్మ, చెమ్మ" అని పైకే అనుకునేవాడు. అనుకుంటూనే లేచొచ్చి నన్ను గోడవైపు తిప్పి పెట్టేవాడు.

పునీతుడి పండగ దగ్గరపడింది. వాడవాళ్లకు మొక్కుకోవడానికి గుడిలో బొమ్మ లేదు. గాస్పారో పక్క ఊళ్లోని నింబోజిని పిలిపించాడు. నింబోజిది తోలుబొమ్మలాట. మేకతోళ్లు పలచగా గీకి, బొమ్మలు కోసి, రంగులు వేసి, వెనక దీపం పెట్టి ఆడిస్తాడు. మా గురువుగారు తెలుగు నేర్చుకున్నది ఒక పండితుడి దగ్గర, అందుకని ఆయన మాట ఎప్పుడూ పుస్తకంలోంచి ఊడిపడ్డట్టే ఉండేది.

"ఈ మహానుభావుని బొమ్మను నీవు చేయవలెను. వెనుక దీపముంచిన వెలుగవలెను."

నింబోజి నన్ను అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇందులో ఇద్దురుండారు గదా సామీ. మీ సామి ఎవురు?"

గాస్పారోకు అప్పటికే చలిజ్వరం. పళ్లు టకటకమంటున్నాయి. "మా దేశమున ఏ గుడిలో చూచినను ఆయన చేతిలో కత్తి యుండును. అదియే ఆయన గుర్తు" అన్నాడు.

అది నిజమే. వేదసాక్షుల ఆనవాయితీ అంతే. స్వర్గానికి వెళ్లాక, తమను చంపిన ఆయుధాన్నే చేతపట్టుకుని నిలబడతారు. కానీ నా మీద ఉన్నది స్వర్గం కాదు, చంపిన రోజు. కత్తి ఇంకా చంపేవాడి చేతిలోనే ఉంది. ఆ ముక్క చెప్పేలోగా గురువుగారికి ఒళ్లు తెలియలేదు. బండి కట్టి పట్నం ఆసుపత్రికి తీసుకుపోయారు.

నింబోజికి అనుమానం రాలేదు. ఎందుకొస్తుంది? హిరణ్యకశిపుణ్ణి ఒళ్లో వేసుకుని చీలుస్తున్న నరసింహుణ్ణి కోసి కోసి అరిగిన చేతులవి. ఒంటి మీద గుడ్డ లేకుండా, మెలికలు తిరిగి, నోరు తెరిచినవాడు రాక్షసుడు. నిదానంగా వంగి చంపేవాడు దేవుడు. చేతిలో కత్తి కూడా ఉంది. ఇంకేం కావాలి? పైగా వాళ్ల పనిలో తోలు మీద గీత ఉందంటే అది కోయడానికే. దొరల దేశంలో ఎవరో సగం చేసి వదిలేసిన బొమ్మననుకున్నాడు నన్ను. రంగుల్లేవు, చిల్లుల్లేవు, పాపం చేతకాక ఆపేశారనుకున్నాడు.

నన్ను పీట మీద పరిచి, పసుపునీళ్లు చల్లి, చేతులు జోడించాడు. "తల్లీ, నిన్ను సాకినోళ్లెవురో, కోసినోళ్లెవురో. బొమ్మను జేస్తాండా. తప్పుంటే మన్నించు." ఇన్ని వందల ఏళ్లలో నన్ను క్షమాపణ అడిగినవాడు అతనొక్కడే. ఆ మాటకే నేను కరిగిపోయాను. వెంటనే కత్తి దించాడు.

ఒక చిక్కు వచ్చింది. బొమ్మలాటవాళ్ల పెట్టెలో దేవుళ్లు ఒక పక్క, రాక్షసులు ఒక పక్క ఉండాలి. కలిపి పెడితే లోపల కొట్టుకుంటారని వాళ్ల నమ్మకం. "సంపేటోడూ సచ్చేటోడూ ఒకే తోలు మీదుంటే ఇల్లు నిద్రపోదు" అన్నాడు నింబోజి. విడదీయాలి. కానీ జెన్నారో చెయ్యి ముసలాయన ముంజేతిని పట్టుకుని ఉందే! దేవుడి చెయ్యి కోయకూడదు గనక ముసలాయన మోచెయ్యి దగ్గర కోశాడు. ముంజేయి జెన్నారో పిడికిట్లోనే ఉండిపోయింది.

నేను రెండయ్యాను. మీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. ఒకేసారి రెండు గదుల్లో ఉండి, ఒక గదిలోంచి రెండో గదిని చూడలేకపోవడం లాంటిది. భయం వేసింది, నిజంగా భయం వేసింది.

ముసలాయనను చుట్టచుట్టి పెట్టెలో రాక్షసుల మధ్య పడుకోబెట్టాడు. జెన్నారోకు ఎర్రరంగు, పసుపురంగు అద్దాడు, మెడలో నగలకు చిల్లులు పొడిచాడు. కళ్లు తెరిపించడం ఆఖరి పని. దించుకున్న కళ్లతో దేవుణ్ణి నిలబెట్టడం వాళ్లలో లేదు. అందుకని ఆ రెప్పల మీద రెండు పెద్ద కళ్లు గీసి, నల్లగుడ్లు దిద్దాడు. అన్నాళ్లూ పని మీదనుంచి చూపు తిప్పని జెన్నారో అప్పుడు తలెత్తకుండానే ఎదురుగా చూశాడు. నింబోజి ఎందుకో కుంచె కింద పెట్టేసి ఇంట్లోకి వెళ్లిపోయాడు.

గుడిలో నన్ను వేలాడదీసి వెనక ఆముదపు దీపం పెట్టారు. వాడంతా వచ్చింది. గడప దగ్గరే ఆగింది. చివరికి శౌరమ్మ అనే ఆమె ముందుకొచ్చింది. మొగుడు పోయాక లందల దగ్గర తానే పనిచేసుకుంటూ, లూర్దు అనే ఒక్కగానొక్క కూతుర్ని పెంచుకుంటున్న మనిషి. కత్తి మీది బొటనవేలినే చాలాసేపు చూసింది.

"మా నాయిన ఇట్లే పట్టుకుంటాండె కత్తి" అంది. ఆ వెంటనే వాడవాళ్ల వైపు తిరిగింది. "ఈయప్ప మనోడే!"

ఇంకేముంది, మనోడే, మనోడేనని వాడంతా మోకాళ్ల మీద పడింది. ఆ కత్తిని చూసి ఊరంతా ఆమడ దూరం జరిగేది. అలాంటి కత్తి దేవుడి గుళ్లో వెలుగుతోంది. వాళ్లు ఏడుస్తున్నారు. కాదర్రా, వీడు కాదు, అని అరవాలనిపించింది. గుడిలో ఉన్న ముక్కకు మాత్రం నోరు మూసుకుని పనిచేసుకునే మొహమే ఉంది.

ఆ పండగ వెళ్లిన వారంలోనే లూర్దుకు అమ్మవారు పోసింది. అమ్మవారు అనకూడదు, మశూచి అనాలని గురువుగారు ఎన్నిసార్లు చెప్పినా, భయం వేసినప్పుడు నోటికి వచ్చేది పాతమాటే. ఒళ్లంతా పొక్కులు. కళ్లు కూడా తెరవలేకపోయింది. నొప్పికి మంచం మీద దొర్లిన పిల్ల మూడోనాటికి కదలడమే మానేసింది. శౌరమ్మ వేపాకుల మీద కూతుర్ని పడుకోబెట్టి, గుడికి పరిగెత్తుకొచ్చి, నా ఎదుట తల నేలకు కొట్టుకుంది.

"నీకు తోలు పని తెల్సు సామీ. నా బిడ్డ ఒంటిమీద పాడుతోలు తీసెయ్. మెల్లగా తియ్, నొప్పి లేకుండా తియ్. బతికితే అది నా బిడ్డ గాదు, నీ బిడ్డే. నీకే ఇడిసిపెడతా."

బయట చినుకులు పడుతున్నాయి. చెమ్మకు నేను ఉబ్బి, దీపం నుంచి ముందుకు వంగాను. ఎర్రటి నీడ ఒకటి ఆమె వీపు మీదుగా పాకి, గడప దాటి, వాడలోకి వెళ్లింది. అలాంటి నీడను నేను పంపలేదు. నాకు పంపడం రాదు.

లూర్దు బతికింది. పొక్కులు ఎండి, పెచ్చులు పెచ్చులుగా ఊడిపోయి, కింద లేతచర్మం బయటపడింది. లేచి కూర్చున్నాక అడిగింది అన్నం కాదు, నీళ్లు కాదు. "మా, కత్తాయన పోయినాడా?" అంది. "మెల్లగా తీసినాడుమా. నాకు నొప్పే రాల్యా." శౌరమ్మ సంతోషపడాలో భయపడాలో తెలియక పిల్లను కావిలించుకుంది. వాడలో మాత్రం కత్తాయన మహిమ మార్మోగిపోయింది.

గాస్పారో సగమైపోయిన మనిషిలా తిరిగొచ్చాడు. గుడిలోకి అడుగుపెట్టి, నన్ను చూసి, ఉన్నచోటనే నేలమీద కూలబడ్డాడు. జనం చుట్టూ మూగారు.

"ఈతడు పునీతుడు కాడు" అన్నాడు ఆయన. "పునీతుని చంపినవాడు."

అందరి కళ్లూ శౌరమ్మ మీదికి తిరిగాయి.

"అట్లనొద్దు సామీ. నా బిడ్డను ఆయప్పకే ఇడుస్తానని మొక్కినా."

"ఆ మొక్కు చెల్లదమ్మా. నీ బిడ్డను రక్షించినవాడు ప్రభువు."

"సెల్లదని మీరు సెప్తే సరా? ఆయప్ప ఒప్పుకోవల్ల గదా!" శౌరమ్మ కత్తి వైపు వేలు చూపించింది. "నేను ప్రభువును అడగలే సామీ. ఈ కత్తిని జూసి, ఈ కత్తినే అడిగినా."

గాస్పారో లేచి నన్ను దించబోయాడు. ఆమె అడ్డం పడింది. "దించొద్దు! కోపమొచ్చి ఇచ్చినదాన్ని ఎనక్కి తీసుకుంటే?" దించితే పగ, ఉంచితే పాపం. అడకత్తెరలో పోకచెక్క అయిపోయింది ఆ తల్లి. లూర్దు మాత్రం ఒక మూల నిలబడి, లేత చేతులు చూసుకుంటోంది.

నింబోజికి కబురు పోయింది. వచ్చేటప్పుడు చంకలో ఒక చుట్ట తెచ్చాడు. గురువుగారు జరిగింది చెప్తుంటే అతను చుట్టను రెండు చేతులతో ముందుకు పట్టుకున్నాడు.

"సామీ, ఈ పాప మంచంమీదున్నన్నాళ్లూ మా పెట్టెలో ఈ ముసిలాయప్ప ఒకటే అరుపు. పిల్లోళ్లు జడుసుకున్నారు. రాచ్చసుడు గదా అనుకుంటిమి. నోరు పైకి రాకుండా పెట్టెమీద రుబ్బుడుబండ పెట్టినాం."

అది నేనే. ఎందుకు అరిచానో నన్ను అడక్కండి. చెమ్మకు తోలు కిర్రుమంటుందని గాస్పారోలా సరిపెట్టుకుందామని చూశాను. కానీ గుడిలో ఉన్న ముక్కకూ అదే చెమ్మ తగిలిందిగా. అది కిక్కురుమనలేదు. పెట్టెలో మాత్రం, ఎవరో నా ఒళ్లంతా కొత్తగా ఒలుస్తున్నట్టు, నాది కాని నొప్పి ఒకటి వచ్చి నాలో పడేది. ఎక్కణ్ణించి వస్తోందో తెలియదు. చిన్న నొప్పి, చిన్న ఒంటికి సరిపోయేంత నొప్పి.

నింబోజి చుట్ట విప్పి నేలమీద పరిచాడు. మోచేతి దాకా తెగిన చెయ్యి, పైకి తిరిగిన కళ్లు, తెరిచిన నోరు. మూలలోంచి లూర్దు నడుచుకుంటూ వచ్చింది. ఆ ముక్కను ఆ పిల్ల అంతకుముందు ఎన్నడూ చూసి ఎరగదు. పక్కన కూర్చుని ఆ నోటిమీద వేలు పెట్టింది.

"ఈ తాతే" అంది.

"ఏ తాతనే?" శౌరమ్మ దగ్గరికొచ్చింది.

"కత్తాయన తీస్తాంటే నాకు నొప్పి రాల్యా అని సెప్తి గదుమా. నాకు రాల్యా. ఈ తాతకొచ్చింది. నా బదులు ఈయనే అరిచినాడు."

శౌరమ్మ నేలమీది ముసలాయనను చూసింది, దీపం ముందరి జెన్నారోను చూసింది, అతని పిడికిట్లో ఇంకా ఉన్న ముంజేతిని చూసింది.

"తీసినోడికి మొక్కితిమి. మోసినోన్ని బండకింద పెడితిమి" అంది. కళ్లు తుడుచుకుంది. "ఇద్దుర్లో ఎవుర్ని పారేసినా నా బిడ్డ సగమే నాకు దక్కేది. దించన్నా ఆయన్ని. కిందికి దించు."

ఇంటికి పోయి చెప్పులు కుట్టే సూది, సన్నటి తోలుదారం తెచ్చింది. రెండు ముక్కలనూ గచ్చుమీద పక్కపక్కన పరిచి, తెగిన ముంజేతిని మోచేతికి ఆనించింది. గురువుగారు దీపం తెచ్చి దగ్గర పట్టుకున్నారు. జారకుండా లూర్దు రెండు చేతులతో అదిమి పట్టుకుంది. సూది మొన నా అంచుకు తాకింది.

"మెల్లగా కుట్టుమా" అంది లూర్దు. "తాతకు నొప్పయితాది."

శౌరమ్మ చెయ్యి ఆగింది. అందరూ నా వైపు చెవులు రిక్కించారు. ఆమె సూది నాలోకి దించింది.

నేను అరవలేదు.